కడుపులో జిస్ట్ గడ్డ అన్నారు. ఇది వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తూనీగ | మే 6, రాత్రి 11:20

నా వయసు 46. కొన్ని నెలలుగా ఒకటే నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. అవి వాడుతుండగానే మలం నల్లగా రావడంతో ఎండోస్కోపీ, తర్వాత సీటీ చేశారు. కడుపు గోడలో 9 సెంటీమీటర్ల గడ్డ ఉంది. బయాప్సీ రిపోర్టులో గ్యాస్ట్రోఇంటెస్టినల్ స్ట్రోమల్ ట్యూమర్, సీడీ117 అనే ప్రొటీన్ పాజిటివ్ అని రాశారు. దీన్ని జిస్ట్ అంటారని, ముందు కొన్ని నెలలు మాత్రలు వాడి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేద్దామని డాక్టర్ గారు చెప్పారు. ఇంకా చాలా చెప్పారు గానీ క్యాన్సర్ అన్న మాట విన్నాక మిగతావేవీ నా తలకెక్కలేదు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇది: దీని పేరు కూడా ఎవరూ విని ఉండలేదు. చుట్టాలు ఫోన్ చేసి ఎన్నో స్టేజి, ఎన్ని కీమోలు అని అడుగుతారు. కీమో లేదు, మాత్రలే అంటే ఒకరు "అయితే పెద్దదేం కాదులే" అంటారు. ఇంకొకరు "అయ్యో, కీమోకి కూడా పనికిరాదన్నారా" అంటారు. రెండూ విని ఫోన్ పెట్టేసి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను.

మా ఆయన అన్నీ దగ్గరుండి చూసుకుంటున్నారు, కానీ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడరు. పాపకి 15 ఏళ్లు, తనకి ఇంకా చెప్పలేదు. మాత్రలు మొదలుపెట్టే ముందు నేను అడగాల్సినవి ఏమైనా ఉన్నాయా? ఇదే జబ్బు ఉన్న మనిషితో ఒక్కసారి మాట్లాడాలని ఉంది.

పడవ | మే 7, ఉదయం 6:05

తూనీగ గారూ, నాకూ జిస్టే. నాది చిన్నపేగులో వచ్చింది. ఆపరేషన్ అయింది, కొన్నేళ్లుగా మాత్రల మీద ఉన్నాను. మాట్లాడాలనిపిస్తే మెసేజ్ పెట్టండి, ఏ వేళైనా పర్లేదు.

ముందు ఒక విషయం. ఇది అందరూ అనుకునే కడుపు క్యాన్సర్ కాదు. అది కడుపు లోపలి పొరలో పుడుతుంది. జిస్ట్ గోడలో పుడుతుంది, పేగుల కదలికను నడిపించే కాజల్ కణాల జాతికి చెందింది, సార్కోమాల (కండరం, కొవ్వు లాంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్ల) కుటుంబం. ఏటా పది లక్షల మందిలో 10 నుంచి 15 మందికి వస్తుంది. మీ చుట్టూ ఉన్నవాళ్లు పేరు వినకపోవడానికి కారణం అదే. నెట్‌లో "కడుపు క్యాన్సర్" అని వెతికితే వచ్చే లెక్కలు మీ జబ్బువి కావు. దయచేసి వాటి జోలికి వెళ్లకండి.

మాత్రలే ఇస్తున్నారంటే డాక్టర్లు చేతులెత్తేశారని కాదు. 1998లో జపాన్ పరిశోధకులు జిస్ట్ గడ్డల్లో కిట్ అనే జీన్ మారిపోయి ఉంటోందని కనిపెట్టారు. ఆ మార్పు వల్ల పెరగమనే సంకేతం కణానికి ఆగకుండా అందుతూనే ఉంటుంది, స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోయినట్టు. ఇమాటినిబ్ అనే మాత్ర ఆ సంకేతాన్ని ఆపుతుంది. ఒక రకం రక్త క్యాన్సర్ కోసం తయారైన ఈ మందును 2000లో ఫిన్లాండ్‌లో, జబ్బు బాగా ముదిరిన ఒకామెకి ఇచ్చి చూస్తే గడ్డలు తగ్గాయి. 2002లో అమెరికాలో జిస్ట్‌కి అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బు మామూలు కీమోకి దాదాపు లొంగేదే కాదు. మీకు కీమో ఇవ్వకపోవడం సరైన వైద్యమే.

మొదలుపెట్టే ముందు అడగాల్సింది మ్యుటేషన్ టెస్ట్, అంటే జీన్‌లో ఏ మార్పు ఉందో చూసేది. బయాప్సీ ముక్క మీదే చేస్తారు. కిట్ జీన్‌లో ఎక్సాన్ 11 అనే భాగం దగ్గర మార్పు ఉంటే ఇమాటినిబ్ బాగా పనిచేస్తుంది, మామూలు డోసు రోజుకి 400 మిల్లీగ్రాములు. ఎక్సాన్ 9 అయితే చాలాచోట్ల డోసు పెంచుతారు. పీడీజీఎఫ్ఆర్ఏ అనే జీన్‌లో డీ842వీ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ పనిచేయదనే అనుకోవాలి, దానికి వేరే మందు ఉంది. ఇది తెలియకుండా నెలల తరబడి మాత్రలు మింగడం ఎందుకు? అడగండి, మొహమాటపడకండి.

వేపనీడ | మే 7, ఉదయం 9:40

పడవ గారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. మా తమ్ముడికి జిస్ట్ వచ్చినప్పుడు ఆసుపత్రి పనులన్నీ చూసింది నేనే.

బయాప్సీ స్లైడులు, బ్లాకు (మైనంలో పెట్టిన ముక్క) మీరు అడిగి తీసుకోవచ్చు. సార్కోమాలు ఎక్కువగా చూసే పాథాలజిస్టుతో వాటిని ఇంకోసారి చూపించండి. అరుదైన గడ్డల్లో రెండోసారి చూసినప్పుడు పేరే మారిపోయిన సందర్భాలు ఉంటాయి. సెకండ్ ఒపీనియన్ అడిగితే డాక్టర్ గారు ఏమనుకుంటారో అని భయపడొద్దు, ఇలాంటి జబ్బుకి అది మామూలే. సర్జన్, ఆంకాలజిస్ట్, రేడియాలజిస్ట్, పాథాలజిస్ట్ కలిసి కూర్చుని నిర్ణయించే ట్యూమర్ బోర్డు ఉన్నచోట మీ కేసు పెట్టగలరేమో కనుక్కోండి.

ఇంకోటి. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి, తోడొచ్చే మనిషికి ఒకే ఒక్క పని అప్పజెప్పండి: రాసుకోవడం. మా వాడితో నేను వెళ్లినప్పుడు నోట్‌బుక్కులో ఎడమ పేజీలో మా ప్రశ్నలు, కుడి పేజీలో డాక్టర్ గారి జవాబులు రాసేదాన్ని. జవాబు రాని ప్రశ్న పక్కన కుడి పేజీ ఖాళీగా కనిపించేది. లేచి వచ్చేసే ముందు ఆ ఖాళీలు చూపించి అడిగేదాన్ని. మా తమ్ముడు వినాల్సిన పని లేదు, అర్థం చేసుకోవాల్సిన పని లేదు, ఊరికే కూర్చుంటే చాలు. వాడికి అదే పెద్ద ఊరటగా ఉండేది.

కొత్తచిగురు | మే 7, మధ్యాహ్నం 1:15

నాది జిస్ట్ కాదు, లియోమయోసార్కోమా, అదీ ఒక అరుదైన సార్కోమానే. మీరు రాసిన "పేరు కూడా ఎవరూ విని ఉండలేదు" అన్నచోట ఆగిపోయాను. యూరప్‌లో లెక్కలు తీసినవాళ్లు ఏటా లక్ష మందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చేదాన్ని అరుదైన క్యాన్సర్ అంటారు. విడివిడిగా ఒక్కోటీ అరుదే గానీ అన్నీ కలిపితే మొత్తం క్యాన్సర్లలో ఐదో వంతు దాటుతాయి. మన జబ్బుల పేర్లు వేరు, కానీ వెయిటింగ్ హాల్లో ఆ టెన్షన్ ఒకటే. అందుకే జబ్బు కలవకపోయినా ఈ చర్చలో ఉంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.

చిలకపచ్చ | మే 7, సాయంత్రం 7:30

అక్కా, నాకు తెలిసిన ఒకాయన ఏవో ఆకుల పొడి వాడితే గడ్డ కరిగిపోయిందట. ఆ మాత్రలతో పాటు ఇదీ వాడితే నష్టమేముంది? వివరాలు కావాలంటే పంపిస్తాను.

నిర్వాహకురాలు | మే 7, రాత్రి 8:10

చిలకపచ్చ గారూ, మీరు మంచి మనసుతోనే రాశారు, అందుకే మీ పోస్టు తీసేయకుండా జవాబు రాస్తున్నాను. నష్టం ఉంది. ఇమాటినిబ్‌ని లివర్‌లో ఒక ఎంజైమ్ విడగొడుతుంది. కొన్ని మూలికలు ఆ ఎంజైమ్‌ని వేగంగా పనిచేయించి మందును శరీరంలో తగ్గించేస్తాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అలాంటిదే. గ్రేప్‌ఫ్రూట్ రసం లాంటివి దీనికి ఉల్టాగా మందు స్థాయిని పెంచుతాయి. పొడిలో ఏముందో తెలియనప్పుడు ఏది జరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

తూనీగ గారూ, ఏ పొడి, ఏ టానిక్, చివరికి మామూలు నొప్పి మాత్రయినా సరే, ముందు మీ ఆంకాలజిస్టుని అడిగి వాడండి. ఇప్పటికే వాడుతున్నవి ఉంటే దాచకుండా చెప్పండి.

తూనీగ | జూన్ 2, సాయంత్రం 6:45

మీ అందరి పోస్టులు మావారి చేత కూడా చదివించాను. మ్యుటేషన్ టెస్ట్ చేయించాం, ఎక్సాన్ 11 అని వచ్చింది. ఇమాటినిబ్ 400 మొదలైంది. రిపోర్టు చూసి డాక్టర్ గారు మొదటిసారి నవ్వారు.

ఇప్పుడు పొద్దున లేచేసరికి కళ్ల కింద బాగా ఉబ్బిపోతున్నాయి. అద్దంలో నా మొహం నాకే కొత్తగా ఉంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. వికారం ఉంది. ఇవి మామూలేనా?

పాపకి ఎలా చెప్పాలో మాత్రం ఇంకా తెలియట్లేదు. "అమ్మకి అల్సర్" అని నెట్టుకొస్తున్నాం.

పడవ | జూన్ 2, రాత్రి 9:00

ఎక్సాన్ 11 అనగానే నాకు కూడా ఊపిరి ఆడింది.

కళ్ల ఉబ్బు, పిక్కలు పట్టడం ఈ మందుతో చాలామందికి వచ్చేవే. ఉబ్బు ఉదయం ఎక్కువ, పగలు గడిచేకొద్దీ కాస్త తగ్గుతుంది. తల కింద ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే నాకు కొంచెం నయంగా ఉండేది. మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోకండి. కడుపు నిండా తిన్నాక, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. నా వికారం సగం అక్కడే తగ్గింది. కాళ్లు పట్టేయడం గురించి డాక్టర్ గారికి చెప్పండి, రక్తంలో లవణాలు చూస్తారు.

బరువు గబగబా పెరిగినా, ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, మళ్లీ నల్లటి మలం, రక్తపు వాంతి, ఓర్చుకోలేని కడుపునొప్పి, వీటిలో ఏది వచ్చినా మర్నాటి దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి.

సైడ్ ఎఫెక్ట్ భరించలేకపోతే డాక్టర్ గారికి చెప్తే కొన్నాళ్లు ఆపడమో, డోసు సర్దడమో చేస్తారు. మనంతట మనం మానేయకూడదు. జబ్బు ముదిరినవాళ్లలో బాగా పనిచేస్తున్న మందును మధ్యలో ఆపి చూసిన ఫ్రెంచ్ పరిశోధన ఒకటుంది. ఆపినవాళ్లలో ఎక్కువ మందికి జబ్బు మళ్లీ పెరిగింది.

కాగితంపువ్వు | జూన్ 3, ఉదయం 7:20

ఆంటీ, నమస్తే. నేను ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మకి థైమస్ గ్రంథిలో అరుదైన క్యాన్సర్ వచ్చినప్పుడు నాకూ మీ పాప వయసే. నాకు కూడా ఏదో చిన్న ఇన్ఫెక్షన్ అని చెప్పారు.

మీ పాపకి ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది ఆంటీ. పూర్తిగా కాకపోయినా ఏదో ఉందని తెలుసు. నేను మందు పేరు స్ట్రిప్ మీద చూసి ఫోన్‌లో వెతికాను. అందులో ఉన్నదంతా ఒక్కదాన్నే చదువుకున్నాను. ఎవరినీ అడగడానికి లేదు, ఎందుకంటే నాకు తెలియదని వాళ్లు అనుకుంటున్నారు కదా. అమ్మ దగ్గితే చాలు, రాత్రంతా వింటూ పడుకునేదాన్ని. చెప్పాక భయం పోలేదు గానీ ఆ భయం అందరిదీ అయింది.

చెప్పేటప్పుడు జబ్బు అసలు పేరే చెప్పండి. డాక్టర్లు ఏం చేస్తున్నారో చెప్పండి. నీవల్ల రాలేదు, నీకు అంటదు అని కూడా చెప్పండి, ఆ వయసులో అలాంటివి కూడా అనుకుంటాం. "నాకేం కాదు అమ్మా, నేను మాట ఇస్తున్నా" అని మాత్రం అనొద్దు. "ఏం తెలిసినా నీకు దాచను" అనండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఇంకోటి, తనకి ఒక పని ఇవ్వండి. మాత్ర వేసుకున్నారా లేదా అని క్యాలెండర్‌లో టిక్ పెట్టడం నా పని. అది నాకు చాలా పెద్ద విషయం.

రాతిమెట్టు | జూన్ 3, రాత్రి 10:15

మాట్లాడని భర్తల తరఫున రాస్తున్నాను తూనీగ గారూ. నా భార్యకి కూడా అరుదైన సార్కోమానే. నేను మాట్లాడకపోవడానికి కారణం ఒక్కటే: నోరు తెరిస్తే ఏడుపొస్తుందని, నేను ఏడిస్తే తను ఇంకా కుంగిపోతుందని. మీవారి సంగతి నాకు తెలియదు గానీ ఫైళ్లు సర్దడం, రిపోర్టులు మళ్లీ మళ్లీ చదవడం, బండి కడగడం ఎక్కువయ్యాయంటే మాత్రం ఆయన మనసులో ఇదే నడుస్తుండొచ్చు.

మా ఆవిడ ఒకరోజు సూటిగా అంది: "నువ్వు దీనికి పరిష్కారం చెప్పక్కర్లేదు. పది నిమిషాలు నా పక్కన కూర్చుని నేను చెప్పేది విను." ఆ మాటతో నా మీద నుంచి ఎంత బరువు దిగిందో! ఏదో ఒకటి చేయాలన్న తపనతోనే మేం మూగబోతాం. ఏం చేయాలో చెప్తే చేస్తాం. మీరూ అలాగే అడిగి చూడండి.

తూనీగ | జూన్ 8, మధ్యాహ్నం 3:30

కాగితంపువ్వూ, నిన్ను ఒకసారి దగ్గరికి తీసుకోవాలని ఉంది తల్లీ. పాపకి చెప్పేశాం. ముగ్గురం మంచం మీద కూర్చున్నాం. నేను జిస్ట్ అనగానే "ఇమాటినిబ్ కదా అమ్మా, నాకు తెలుసు" అంది. అప్పుడు మా ఆయన ఏడ్చేశారు. రాతిమెట్టు గారూ, మీరు చెప్పినట్టే, ఆ తర్వాత ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు.

క్యాలెండర్ పాపే గీసుకుంది. రెండు రంగుల పెన్నులు, ఒకటి మాత్రకి, ఒకటి నేను నడిచిన రోజుకి.

తూనీగ | ఆగస్టు 20, రాత్రి 12:50

ఎవరైనా మెలకువగా ఉన్నారా? మాత్రలు మొదలయ్యాక మొదటి సీటీ రిపోర్టు వచ్చింది. డాక్టర్ గారిని కలిసేది ఎల్లుండి. రిపోర్టులో గడ్డ 9.2 అని ఉంది. 9 ఉండేది కదా. మందు పనిచేయట్లేదా? చేతులు వణుకుతున్నాయి.

పడవ | ఆగస్టు 20, రాత్రి 1:05

ఉన్నాను. ముందు కాసిన్ని నీళ్లు తాగండి. తాగాక రిపోర్టులో గడ్డ గురించి రాసిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు టైప్ చేయండి.

తూనీగ | ఆగస్టు 20, రాత్రి 1:12

"ముందటి స్కాన్‌తో పోలిస్తే గడ్డ సాంద్రత గణనీయంగా తగ్గింది, లోపల ద్రవంలా మారిన భాగాలు కనిపిస్తున్నాయి, కొత్త గడ్డలు లేవు" అని ఉంది.

పడవ | ఆగస్టు 20, రాత్రి 1:25

మీరు సైజు దగ్గరే ఆగిపోయారు. అసలు విషయం ఆ వాక్యంలో ఉంది.

జిస్ట్‌లో మందు పనిచేసినా మొదట్లో సైజు తగ్గకపోవచ్చు, లోపల కణాలు చచ్చి నీరు చేరి ఒక్కోసారి కాస్త పెద్దదిగా కూడా కనిపిస్తుంది. అందుకే దీనికి చోయ్ పద్ధతి అని వేరే కొలత ఉంది, 2007లో వచ్చింది. సైజు 10 శాతం తగ్గినా, లేదా సీటీలో సాంద్రత 15 శాతం తగ్గినా మందు పనిచేస్తున్నట్టే లెక్క. పైగా 2 మిల్లీమీటర్ల తేడా కొలిచే మనిషిని బట్టి కూడా వస్తుంది. మీ స్కాన్ చూడకుండా తుది మాట నేను చెప్పకూడదు, అది డాక్టర్ గారే చెప్పాలి. కానీ "సాంద్రత తగ్గింది, కొత్తవి లేవు" అన్న రెండు ముక్కలు నా రిపోర్టులో ఉంటే నేను ఈ రాత్రికి పడుకుంటాను. ఎల్లుండి అడగాల్సింది: "సాంద్రత ఎంత నుంచి ఎంతకి తగ్గింది? గడ్డ లోపల కొత్తగా గట్టిపడిన భాగం ఏమైనా ఉందా?"

మీకు నిద్ర పట్టేదాకా ఆన్‌లైన్‌లోనే ఉంటాను.

తూనీగ | ఆగస్టు 22, సాయంత్రం 5:10

మందు చక్కగా పనిచేస్తోందన్నారు! రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూపించారు. మునుపు తెల్లగా ఉన్న గడ్డ ఇప్పుడు బూడిద రంగులో ఉంది. ఇంకొన్ని నెలలు వాడి ఆపరేషన్ అన్నారు. ఇకమీదట రిపోర్టు ముందుగా మావారు తీసుకుంటారు, డాక్టర్ గారి గదిలోనే తెరుస్తాం. అలా అని ఒప్పందం చేసుకున్నాం.

తాటాకు | ఆగస్టు 23, ఉదయం 11:00

మంచి వార్త చదివి సంతోషంగా ఉంది. నా సంగతి కొంచెం వేరు. రాయాలా వద్దా అని ఆలోచించాను. ఇక్కడ చదివేవాళ్లలో నాలాంటివాళ్లు కూడా ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

నాకు ఇమాటినిబ్ కొన్నేళ్లు బాగా పనిచేసి ఆగిపోయింది. గడ్డలు లివర్‌లోకి వచ్చాయి. తర్వాత సునిటినిబ్, ఇప్పుడు రెగోరాఫెనిబ్. సునిటినిబ్ 2006లో వచ్చింది, రెగోరాఫెనిబ్ 2013లో, ఆ తర్వాత వాడటానికి రిప్రెటినిబ్ 2020లో వచ్చింది. నా జబ్బు నయమయ్యేది కాదు. అదుపులో ఉంచుకుంటూ రోజులు గడుపుతున్నాను. వాటిలో మంచి రోజులు చాలానే ఉన్నాయి.

తోడు గురించి నేను చెప్పదలుచుకున్నది ఇది. మొదటి నెలలో ఇల్లంతా జనం. ఏడాది తిరిగేసరికి ఫోన్లు ఆగిపోతాయి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. జబ్బు అయిపోయిందనుకుంటారు, లేదంటే ఏం మాట్లాడాలో తెలియక తప్పుకుంటారు. "ఏదైనా అవసరమైతే చెప్పు" అని అందరూ అంటారు, మనం చెప్పం. నిలబడింది ఎవరంటే, అడక్కుండా ఒక చిన్న పనిని ఎప్పటికీ తనదిగా చేసుకున్నవాళ్లు. ఈ మందుతో నా అరికాళ్లు మండి, తోలు ఊడి, నడవలేని రోజులుంటాయి. పక్కింటి కుర్రాడు పొద్దున్నే తలుపు కొట్టి, కిందనుంచి తేవాల్సినవి ఏమున్నాయని అడుగుతాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడగడు. వాడు రావడం నాకు ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

తూనీగ గారూ, ఇప్పుడు మీ చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో పని ఇప్పుడే అప్పజెప్పేయండి. ఈ వైద్యం ఏళ్ల తరబడి సాగేది. ఇంకోటి, నొప్పికీ నీరసానికీ పాలియేటివ్ కేర్ డాక్టర్లని ముందునుంచే కలవండి. వాళ్లు చివరి రోజులకే అనే అపోహ చాలామందిలో ఉంది. నేను ఉద్యోగానికి వెళ్తూనే వాళ్ల దగ్గర చూపించుకుంటున్నాను.

కొత్తచిగురు | ఆగస్టు 23, మధ్యాహ్నం 12:20

తాటాకు గారూ, రాసినందుకు చేతులెత్తి నమస్కారం. నాది కూడా తిరగబెట్టిన జబ్బే. "పాజిటివ్‌గా ఉండు" అని చెప్పేవాళ్ల ముందు మనం నోరు మూసుకోవాల్సి వస్తుంది. ఇక్కడ ఆ అవసరం లేదు.

తూనీగ | జనవరి 11, ఉదయం 10:30

వచ్చే గురువారం ఆపరేషన్. గడ్డ 6 సెంటీమీటర్లకి దిగింది. కడుపులో కొంత భాగం మాత్రమే తీస్తే సరిపోతుందన్నారు, మొదట్లో మొత్తం తీయాల్సి రావచ్చన్నారు.

తాటాకు గారు చెప్పినట్టే చేశాను. మా చెల్లెలు ఆసుపత్రిలో రాత్రిళ్లు ఉంటుంది. స్కూల్ నుంచి పాపని తీసుకురావడం నా స్నేహితురాలిది. చుట్టాలందరికీ కబురు చెప్పే పని మా మరిదికి అప్పగించాం, ఇక ఎవరూ నాకు ఫోన్ చేయరు. నోట్‌బుక్కు మావారిది, ఎడమ పేజీ అప్పుడే నిండిపోయింది. అందులో ఏమైనా వదిలేశానా చెప్పండి.

వేపనీడ | జనవరి 11, మధ్యాహ్నం 2:00

ఇవి కూడా రాయించండి. గడ్డ పగలకుండా, పొర చిరగకుండా బయటికి తీయడం ఈ ఆపరేషన్‌లో ముఖ్యం, పగిలితే తిరిగొచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. కాబట్టి అయ్యాక "గడ్డ చెక్కుచెదరకుండా వచ్చిందా?" అని సర్జన్‌ని అడగాలి. మాత్ర ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. గడ్డ తీసేశారు కదా, ఇంకా మాత్రలెందుకు అనిపించొచ్చు. ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత ఒక ఏడాది, మూడేళ్లు వాడించి పోల్చిన పరిశోధన 2012లో వచ్చింది. ఐదేళ్ల తర్వాత చూస్తే మూడేళ్లు వాడినవాళ్లలో 92 శాతం మంది, ఏడాది వాడినవాళ్లలో 82 శాతం మంది బతికి ఉన్నారు. అందుకే మూడేళ్లు అంటారు.

గడ్డ ఎంత చురుకైనదో చెప్పే మైటోటిక్ కౌంట్ మాత్రలు వాడాక సరిగ్గా తెలియదు. మీ మొదటి బయాప్సీ రిపోర్టు, మొదటి సీటీ ఆ రోజు ఫైల్లో పైనే ఉండేలా చూడండి.

రాతిమెట్టు | జనవరి 11, రాత్రి 9:45

గురువారం నేను సెలవు పెట్టాను. మీవారికి నా నంబరు మెసేజ్‌లో పంపాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయనకి మాట్లాడాలని లేకపోయినా సరే, ఫోన్ కలిపి ఉంచమనండి.